పుస్తకం చదువుతూ లినక్స్ నేర్చుకోవడం ఎలా: డెబియన్ మీద ఒక్కో అడుగు

లినక్స్ పుస్తకం కొన్నాం, రెండు మూడు అధ్యాయాలు చదివాం, అంతా అర్థమైనట్టే ఉంది, కానీ టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే తెర) ముందు కూర్చుంటే చెయ్యి కదలడం లేదు, ఇప్పుడేం చేయాలి? ఈ ప్రశ్న మళ్లీమళ్లీ వస్తోంది. విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాక పాత ల్యాప్‌టాప్ పారేయలేక లినక్స్ వైపు చూస్తున్నవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. అందుకే లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ తీసుకుని ఒకచోట పూర్తిగా రాస్తున్నాను.

అసలు చిక్కు ఇది. పుస్తకం అచ్చయిన రోజు దగ్గరే ఆగిపోతుంది, మీ మెషిన్ మాత్రం మారుతూ పోతుంది. పుస్తకంలో ఉన్నదానికీ తెర మీద కనబడేదానికీ తేడా వచ్చిన ప్రతిసారీ, తప్పు మీదే అనుకుని ఆగిపోతే నేర్చుకోలేరు. ఆ తేడా ఎందుకొచ్చిందో కనుక్కోవడమే అసలు చదువు. కింద చెప్పే పద్ధతంతా దానికోసమే.

కమాండ్ల పేర్లు ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు మీ పుస్తకంలో ఉన్నట్టు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

1. పుస్తకం ఎంచుకునేటప్పుడు ముందు ఏడాది చూడండి

కొత్త పుస్తకాల షాపులోనైనా, హైదరాబాద్ కోఠిలోనో విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో పాత పుస్తకాల దగ్గరైనా, పుస్తకం చేతికి రాగానే కాపీరైట్ పేజీ తెరవండి. ముద్రణ ఏడాది చూడాలి, ఏ డిస్ట్రిబ్యూషన్ (డెబియన్ లాంటి లినక్స్ రకం) మీద, ఏ వెర్షన్ మీద రాశారో చూడాలి. రెండోది ముందుమాటలో ఉంటుంది.

డెబియన్‌లో 2015లో వచ్చిన 8వ వెర్షన్ నుంచి సర్వీసుల్ని నడిపే పని సిస్టమ్‌డీ చూసుకుంటోంది. అంతకు ముందు రాసిన పుస్తకంలో బూటింగ్, రన్‌లెవల్స్, ఇనిట్‌ట్యాబ్ అంటూ ఉండే అధ్యాయాలు ఈరోజు మీ మెషిన్‌కి సరిపడవు. అదే పుస్తకంలో ఫైళ్లు, పర్మిషన్లు, పైపులు, 'గ్రెప్', 'సెడ్' గురించి రాసింది మాత్రం దాదాపు అంతా ఇప్పటికీ పనికొస్తుంది. కాబట్టి పాత పుస్తకమని పక్కన పడేయొద్దు, అందులో ఏ అధ్యాయం పాతబడిందో తెలుసుకుని వాడండి.

రెండు పుస్తకాలు చాలు. ఒకటి కమాండ్ లైన్ మీద, షెల్ (మనం కొట్టిన కమాండ్లని నడిపే ప్రోగ్రామ్) దగ్గర మొదలై స్క్రిప్టుల దాకా వెళ్లేది. రెండోది సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ మీద. ది డెబియన్ అడ్మినిస్ట్రేటర్స్ హ్యాండ్‌బుక్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, డెబియన్ 11 మీద రాసిన ఎడిషన్ ఉంది. సర్టిఫికేషన్ గైడ్‌తో మాత్రం మొదలుపెట్టొద్దు. అవి పరీక్ష సిలబస్ వరుసలో నడుస్తాయి, కొత్తవాడికి అర్థమయ్యే వరుసలో కాదు.

డెబియన్ 12 వచ్చింది 2023 జూన్‌లో, 13 వచ్చింది 2025 ఆగస్టులో. మీ పుస్తకం 11 మీద, మెషిన్ 13 మీద ఉంటే ఏం చేయాలి? డెబియన్ ప్రాజెక్టే ప్రతి వెర్షన్‌తో పాటు రిలీజ్ నోట్స్ ఇస్తుంది. అందులో 2వ అధ్యాయం కొత్తగా ఏం వచ్చిందో, 5వ అధ్యాయం ఏవి మారి ఇబ్బంది పెడతాయో చెబుతుంది. 12వ వెర్షన్‌వీ, 13వ వెర్షన్‌వీ ఆ రెండు అధ్యాయాలు ఒక సాయంత్రం చదివేసి, మారిన ప్రతిదాన్నీ మీ పుస్తకం విషయసూచికలో ఆ అధ్యాయం పక్కన పెన్సిల్‌తో రాసుకోండి. దీన్ని చాలామంది వదిలేస్తారు, తర్వాత ఎన్నో గంటలు పోగొట్టుకుంటారు.

పుస్తకం ఏ కుటుంబానిదో, మెషిన్ కూడా అదే కుటుంబానిది అవ్వాలి. రెడ్ హ్యాట్ పుస్తకం పట్టుకుని డెబియన్ మీద సాధన చేస్తే ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేసే దగ్గర 'డీఎన్ఎఫ్' బదులు 'ఏపీటీ', భద్రత దగ్గర ఎస్ఈలినక్స్ బదులు యాప్‌ఆర్మర్ ఎదురవుతాయి, ప్రతి పేజీలో తడబాటే. ఉద్యోగం కోసం రెడ్ హ్యాటే కావాలంటే అదే కుటుంబంలోని ఆల్మాలినక్స్‌నో రాకీ లినక్స్‌నో వేసుకోండి. అదే కుటుంబంలోని సెంటోస్ 7 మీద రాసిన పుస్తకాలు మార్కెట్లో ఇంకా దొరుకుతున్నాయి కానీ దాని సపోర్ట్ 2024 జూన్ 30తో అయిపోయింది.

కొనే ముందు చూసుకోండి:

- వెర్షన్ నంబర్ ముందుమాటలో ఉందా
- చేసి చూడమని ఇచ్చిన ఉదాహరణలు ప్రతి అధ్యాయంలో ఉన్నాయా
- కమాండ్‌తో పాటు దాని ఫలితం కూడా అచ్చువేశారా
- చివర ఇండెక్స్ ఉందా, లేకపోతే రిఫరెన్స్‌గా పనికిరాదు

2. పాడైనా బాధ లేని మెషిన్ సిద్ధం చేసుకోండి

ఇంట్లో వాడే ఒక్క కంప్యూటర్ మీద నేరుగా లినక్స్ వేసి నేర్చుకోవాలనుకోవద్దు. పాడైపోతుందేమోనన్న టెన్షన్‌లో ఏదీ చేసి చూడలేరు, చేసి చూడకపోతే పుస్తకం ఎక్కదు. వర్చువల్‌బాక్స్ ఉచితం, విండోస్ మీదే నడుస్తుంది, అందులో ఒక వర్చువల్ మెషిన్ (మీ కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్) చేసుకోండి.

సెట్టింగ్స్ మామూలువే. డిస్క్ 20 జీబీ ఇవ్వండి, అది నిండే కొద్దీ పెరిగే రకంగా ఉంచండి. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉంటే వర్చువల్ మెషిన్‌కి 1 జీబీ ఇచ్చి డెస్క్‌టాప్ లేకుండా ఇన్‌స్టాల్ చేయండి. 8 జీబీ ఉంటే 2 జీబీ ఇచ్చి ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టుకోవచ్చు.

వర్చువల్‌బాక్స్ జాబితాలో 32 బిట్ వెర్షన్లు మాత్రమే కనబడితే, మీ బయోస్‌లో వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉందని అర్థం. ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అనో ఏఎండీ-వీ అనో ఉంటుంది, ఆన్ చేయండి. పాత 32 బిట్ ల్యాప్‌టాప్ మీదే నేరుగా వేద్దామనుకునేవాళ్లకి ఒక మాట, డెబియన్ 13 నుంచి 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలర్ ఇవ్వడం లేదు.

విండోస్‌లోనే వచ్చే డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) సరిపోదా అంటే, కమాండ్ లైన్ పుస్తకానికి సరిపోతుంది. బూట్ ఎలా అవుతుంది, డిస్క్ ఎలా విభజిస్తారు, చెడిపోతే ఎలా లేపాలి అనేవి మాత్రం అందులో నేర్చుకోలేరు. నా మాట వింటే మొదటి నుంచీ వర్చువల్ మెషినే వాడండి.

దించుకున్న ఐఎస్ఓ ఫైల్ (డెబియన్ ఇన్‌స్టాలర్ ఉన్న ఫైల్) సరిగా వచ్చిందో లేదో చూశాకే వాడండి. విండోస్‌లో 'సెర్ట్‌యుటిల్' కమాండ్‌కి '-హ్యాష్‌ఫైల్' ఆప్షన్, ఫైల్ పేరు, చివర ఎస్‌హెచ్ఏ256 అని ఇస్తే ఒక పొడవైన అక్షరాల వరుస వస్తుంది. డెబియన్ సైట్‌లో ఇచ్చినదానితో అది అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.

3. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ దగ్గర ఆగండి

డెబియన్ ఇన్‌స్టాలర్ రూట్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ ఖాతా) పాస్‌వర్డ్ అడుగుతుంది. అక్కడ పాస్‌వర్డ్ ఇస్తే మీ యూజర్‌కి 'సూడో' హక్కు, అంటే రూట్‌గా కమాండ్లు నడిపే హక్కు, రాదు. పుస్తకంలో మొదటి 'సూడో' కమాండ్ కొట్టగానే మీ పేరు సూడోయర్స్ ఫైల్‌లో లేదని మెసేజ్ వస్తుంది. నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయిన చోటు ఇదే.

ఆ డబ్బా ఖాళీగా వదిలేయండి. అప్పుడు రూట్ లాగిన్ మూసేసి, మీరు చేసిన మొదటి యూజర్‌ని సూడో గ్రూపులో అదే చేరుస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక 'సూడో పాస్‌డబ్ల్యూడీ రూట్' అని కొట్టి రూట్‌కి ఒక పాస్‌వర్డ్ పెట్టండి. ఇదెందుకంటే బూట్ కాకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగినప్పుడు అది రూట్ పాస్‌వర్డే అడుగుతుంది, రూట్ మూసేసి ఉంటే లోపలికి పోనివ్వదు. ఈ మెషిన్‌ని మనం కావాలనే చెడగొట్టబోతున్నాం కాబట్టి ఆ తాళంచెవి మన దగ్గర ఉండాలి.

ఇప్పటికే పాస్‌వర్డ్ ఇచ్చేసి ఇన్‌స్టాల్ చేసినవాళ్లు 'ఎస్‌యూ' పక్కన ఖాళీ వదిలి చిన్న గీత పెట్టి రూట్‌లోకి వెళ్లండి. గీత లేకుండా వెళ్తే డెబియన్ 10 నుంచి పాత్ (షెల్ కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) మారదు, 'యాడ్‌యూజర్' కమాండే దొరకలేదంటుంది. లోపలికి వెళ్లాక 'యాడ్‌యూజర్', మీ యూజర్ పేరు, 'సూడో' అని కొట్టి, పూర్తిగా లాగ్ అవుట్ అయి మళ్లీ రండి. కొత్త గ్రూపు మళ్లీ లాగిన్ అయితేనే అమల్లోకి వస్తుంది.

అంతా అయ్యాక మెషిన్ ఆపి, వర్చువల్‌బాక్స్‌లో స్నాప్‌షాట్ తీసుకోండి. 'తాజా ఇన్‌స్టాల్' అని పేరు పెట్టండి. ఇకపై ఏం పోయినా నిమిషంలో ఇక్కడికి వచ్చేయొచ్చు.

4. పుస్తకంలోని గుర్తులు చదవడం నేర్చుకోండి

కమాండ్ ముందు $ ఉంటే మామూలు యూజర్‌గా, # ఉంటే రూట్‌గా చేయమని. ఆ గుర్తుల్ని టైప్ చేయకూడదు. స్క్రిప్ట్ లోపల # ఉంటే మాత్రం అది వ్యాఖ్య. ఒకే గుర్తు రెండు చోట్ల రెండు పనులు చేస్తుంది, పుస్తకాలు దీన్ని ముందు పేజీల్లో ఒక్కసారి చెప్పి వదిలేస్తాయి.

వాలు అక్షరాల్లో ఉన్నది మీ సొంత విలువతో నింపాల్సిన ఖాళీ. చదరపు బ్రాకెట్లలో ఉన్నది ఇవ్వకపోయినా పర్వాలేదు. మూడు చుక్కలుంటే ముందున్నదాన్ని ఎన్నిసార్లయినా ఇవ్వొచ్చు. లైన్ చివర వెనక్కి వాలిన గీత ఉంటే కమాండ్ కింది లైన్‌లోకి కొనసాగుతోందని.

పీడీఎఫ్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేయడం మానేయండి. అచ్చు కోసం చిన్న గీతని పొడవు గీతగా, నిటారు కొటేషన్ గుర్తుల్ని వంపు గుర్తులుగా మార్చేస్తారు. కంటికి ఒకటే, షెల్‌కి కాదు. ఇంకో కారణం కూడా ఉంది, చేత్తో కొట్టినప్పుడే ఖాళీ ఎక్కడ పెట్టాలో, పెద్ద అక్షరం ఎక్కడ తేడా చేస్తుందో తెలుస్తుంది.

మొదటి రోజు అందరూ కంగారుపడేవి:

- పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా కనబడవు, కొట్టేసి ఎంటర్ నొక్కండి
- కంట్రోల్ సీ టెర్మినల్‌లో కాపీ చేయదు, నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది, కాపీకి షిఫ్ట్ కూడా కలపాలి
- 'విమ్'లో ఇరుక్కుంటే ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టి ఎంటర్
- వర్చువల్ మెషిన్ మౌస్‌ని వదలకపోతే కుడివైపు కంట్రోల్
- డెస్క్‌టాప్ లేని నల్ల తెర మీద తెలుగు అక్షరాలు సరిగా కనబడవు, అది మీ ఫైల్ తప్పు కాదు

5. ఒక్కో అధ్యాయాన్ని మూడుసార్లు చదవండి

మొదటిసారి కీబోర్డ్ ముట్టుకోకుండా చదవండి. ఈ అధ్యాయం ఏ సమస్య కోసం ఉందో ఒక వాక్యంలో చెప్పగలిగితే చాలు, వివరాలు గుర్తుండక్కర్లేదు.

రెండోసారి మెషిన్ ముందు కూర్చుని ప్రతి ఉదాహరణా చేయండి. ఎంటర్ కొట్టే ముందు ఏం వస్తుందనుకుంటున్నారో నోట్‌బుక్‌లో రాయండి. ఈ ఒక్క అలవాటు మీద ఎంత నొక్కి చెప్పినా తక్కువే. ఊహించకుండా కొడితే ఏది వచ్చినా సరే అనిపిస్తుంది, ఊహించి కొడితే తప్పినచోట మెదడు మేలుకుంటుంది.

ఉదాహరణకి పర్మిషన్లు తీసుకోండి: ఆర్ చదవడానికి, డబ్ల్యూ రాయడానికి, ఎక్స్ నడపడానికి. ఫైల్‌కి ఎక్స్ ఉంటే దాన్ని నడపొచ్చు, ఫోల్డర్‌కి ఎక్స్ ఉంటే లోపలికి వెళ్లొచ్చు అని పుస్తకం ఒక లైన్‌లో చెప్పి ముందుకెళ్లిపోతుంది. అక్కడ ఆగండి. హోమ్‌లో ఒక ఫోల్డర్ చేసి, లోపల ఒక ఫైల్ పెట్టి, 'సీహెచ్‌మోడ్'తో ఫోల్డర్ నుంచి ఎక్స్ తీసేసి ఆర్ ఉంచండి. ఇప్పుడు 'ఎల్ఎస్' పనిచేస్తుందా? 'సీడీ'? లోపలి ఫైల్ 'క్యాట్'తో తెరుచుకుంటుందా? ముందు రాసి, తర్వాత చేయండి.

ఫైల్ పేర్లు తెలుస్తాయి, కానీ లోపలికి వెళ్లలేరు, ఫైల్ తెరవలేరు. ఇప్పుడు తిప్పి చేయండి, ఎక్స్ ఉంచి ఆర్ తీసేయండి. జాబితా రాదు, కానీ పేరు ముందే తెలిసిన ఫైల్ మాత్రం చక్కగా తెరుచుకుంటుంది. ఫోల్డర్ అంటే పేర్ల జాబితా అని, ఆర్ ఆ జాబితా చదవడానికని, ఎక్స్ ఆ దారిన వెళ్లడానికని అప్పుడు తెలుస్తుంది. ఈ ప్రయోగం రూట్‌గా చేస్తే ఏ తేడా కనబడదు, రూట్‌కి ఈ అడ్డు ఉండదు.

ఇంకొంచెం ముందుకెళ్లండి. ఫోల్డర్ పర్మిషన్లు మామూలుగా పెట్టేసి, లోపలి ఫైల్‌కి మాత్రం డబ్ల్యూ తీసేసి 'ఆర్ఎం' చేయండి. తీసేయాలా అని అడుగుతుంది, వై అంటే పోతుంది. రాసే హక్కు లేని ఫైల్ ఎలా పోయింది? ఫైల్‌ని తీసేయడమంటే ఫోల్డర్‌లోని జాబితా మార్చడం, ఆ హక్కు ఫోల్డర్ దగ్గర ఉంది. ఇలా ఒక లైన్‌ని పట్టుకుని నాలుగు ప్రశ్నలు వేయడం వచ్చాక పుస్తకం ఎంత లావున్నా భయం ఉండదు.

మూడోసారి పుస్తకం మూసేసి, నోట్‌బుక్ కూడా మూసేసి, అధ్యాయంలోని పని మొత్తం మీకు మీరే చేయండి. ఇది అదే రోజు కాకుండా మరునాడు చేస్తే మంచిది. గుర్తురానిదే మళ్లీ చదవండి, మొత్తం కాదు.

6. అధ్యాయాల వరుస

పుస్తకం ఏ వరుసలో ఇచ్చినా ముందు ఇలా వెళ్లండి:

1. ఫైళ్లు, ఫోల్డర్లు, పాత్‌లు (ఫైల్ ఎక్కడుందో చెప్పే దారులు)
2. యూజర్లు, గ్రూపులు, పర్మిషన్లు
3. పైపులు, రీడైరెక్షన్, 'గ్రెప్', 'సార్ట్', 'కట్'
4. ప్రాసెస్‌లు, సిగ్నళ్లు
5. ప్యాకేజీలు
6. సర్వీసులు, లాగ్‌లు
7. డిస్కులు, మౌంట్ చేయడం (డిస్క్‌ని ఒక ఫోల్డర్‌కి తగిలించడం)
8. నెట్‌వర్క్
9. షెల్ స్క్రిప్టులు

స్క్రిప్టులు చివర పెట్టడం చాలామందికి నచ్చదు. అయినా ముందు ఎనిమిదీ చేత్తో చేసినవాళ్లకే స్క్రిప్ట్ ఎందుకు కావాలో తెలుస్తుంది. కెర్నల్ కంపైల్ చేయడం, మెయిల్ సర్వర్, ప్రింటింగ్ అధ్యాయాలు మొదటి విడతలో వదిలేయండి.

మూడో అంశం మీద మాత్రం ఎక్కువ కాలం ఉండండి. 'ఈటీసీ' ఫోల్డర్‌లోని 'పాస్‌డబ్ల్యూడీ' ఫైల్ తీసుకుని, అందులో ఏ షెల్ ఎంతమంది యూజర్లకి ఉందో లెక్కపెట్టండి. కోలన్ దగ్గర విడగొట్టి ఏడో భాగం తీయాలి, వరుసలో పెట్టాలి, ఒకేలా ఉన్నవాటిని 'యునిక్ -సీ'తో లెక్కించాలి. వరుసలో పెట్టకుండా లెక్కిస్తే తప్పొస్తుంది, ఎందుకంటే 'యునిక్' పక్కపక్కన ఉన్న లైన్లనే పోల్చుతుంది.

7. నోట్‌బుక్ ఎలా రాయాలి

కాగితం నోట్‌బుక్ వాడండి, లేదంటే విండోస్ వైపు ఒక ఫైల్. వర్చువల్ మెషిన్ లోపల రాయొద్దు, స్నాప్‌షాట్ వెనక్కి తిప్పగానే నోట్సు కూడా పోతుంది. తెలుగులో రాసుకోండి, కమాండ్ మాత్రం ఉన్నది ఉన్నట్టు.

ప్రతి పేజీలో ఇవి చాలు:

- చేయాలనుకున్న పని
- కొట్టిన కమాండ్
- ఊహించినది, వచ్చినది
- తేడా ఉంటే కారణం, దొరక్కపోతే ప్రశ్నార్థకం
- పుస్తకం పేజీ నంబర్

ప్రశ్నార్థకాలున్న పేజీలు వారానికోసారి తిరగేయండి. తర్వాతి అధ్యాయాలు చదివాక వాటిలో చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

8. మ్యాన్ పేజీలు: మీ మెషిన్‌లోనే ఉన్న పుస్తకం

అచ్చు పుస్తకం పాతబడొచ్చు, మ్యాన్ పేజీ ('మ్యాన్' తర్వాత కమాండ్ పేరు కొడితే వచ్చే వివరణ) మీ దగ్గరున్న ప్రోగ్రామ్‌తోనే వస్తుంది. రెండూ విభేదిస్తే మ్యాన్ పేజీనే నమ్మండి.

అది కథలా చదివేది కాదు. పైన సినాప్సిస్ (కమాండ్ రాసే పద్ధతి) చూడండి, తర్వాత స్లాష్ కొట్టి మీకు కావాల్సిన ఆప్షన్ వెతకండి, 'ఎన్'తో ముందుకి, 'క్యూ'తో బయటికి. అడుగున ఉదాహరణలుంటే ముందు అక్కడికే వెళ్లండి. చివర్లో సంబంధం ఉన్న పేజీల పేర్లుంటాయి, అవి కూడా చూడండి.

విభాగం నంబర్లు తెలియాలి. 1 మామూలు కమాండ్లు, 5 ఫైళ్ల రూపాలు, 8 అడ్మిన్ కమాండ్లు. 'మ్యాన్ పాస్‌డబ్ల్యూడీ' అంటే పాస్‌వర్డ్ మార్చే కమాండ్ గురించి వస్తుంది, 'మ్యాన్ 5 పాస్‌డబ్ల్యూడీ' అంటే ఆ పేరున్న ఫైల్‌లో ఏ భాగం ఏమిటో వస్తుంది. పుస్తకంలో పేరు పక్కన బ్రాకెట్లలో నంబర్ కనబడితే అది ఈ విభాగమే.

'సీడీ'కి మ్యాన్ పేజీ లేదని కంగారుపడొద్దు. అది షెల్ లోపలే ఉన్న కమాండ్, 'హెల్ప్ సీడీ' అనండి. ఏది ఏ రకమో 'టైప్' కమాండ్ చెబుతుంది. కమాండ్ పేరే తెలియకపోతే 'మ్యాన్ -కే' తర్వాత ఒక ఇంగ్లీషు మాట ఇచ్చి వెతకండి.

9. పుస్తకంలో ఉన్నట్టు రాకపోతే

ముందు మెసేజ్‌ని పూర్తిగా చదవండి. సగం చదివి మెషిన్ పాడైందనుకునేవాళ్లే ఎక్కువ.

కమాండ్ నాట్ ఫౌండ్. అక్షరం తప్పా, ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాలేదా, లేక అది రూట్ కమాండ్ కాబట్టి మీ పాత్‌లో లేదా? ఈ వరుసలోనే చూడండి. 'సూడో'తో కొడితే మూడోది తేలిపోతుంది. ప్యాకేజీ సంగతి 'ఏపీటీ సెర్చ్'తో.

పర్మిషన్ డినైడ్. వెంటనే 'సూడో' పెట్టేయడం చెడ్డ అలవాటు. 'ఐడీ' కొట్టి మీరు ఏ గ్రూపుల్లో ఉన్నారో, 'ఎల్ఎస్ -ఎల్' కొట్టి ఫైల్ ఎవరిదో, పైన ఉన్న ఫోల్డర్లన్నిటికీ ఎక్స్ ఉందో చూశాకే. 'సూడో'తో హోమ్‌లో ఫైళ్లు చేస్తే అవి రూట్ పేరు మీద ఉండిపోయి తర్వాత మిమ్మల్నే అడ్డుకుంటాయి.

నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ. ఇప్పుడు ఎక్కడున్నారో 'పీడబ్ల్యూడీ'తో చూడండి. పాత్ స్లాష్‌తో మొదలైందా లేదా? పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేరువేరు. పేరులో ఖాళీ ఉంటే కొటేషన్లలో పెట్టండి.

స్క్రిప్ట్ పుస్తకంలో నడిచింది, మీ దగ్గర నడవలేదు. మొదటి లైన్ చూడండి. డెబియన్‌లో 'ఎస్‌హెచ్' అంటే బాష్ కాదు, డ్యాష్. జంట చదరపు బ్రాకెట్లు, అర్రేలు దానికి తెలియవు. బాష్ కోసం రాసిన స్క్రిప్ట్‌ని 'బాష్'తోనే నడపండి.

డిస్క్ పేరు వేరు. పుస్తకంలో 'ఎస్‌డీఏ' అని ఉంటుంది, మీ అసలు ల్యాప్‌టాప్‌లో 'ఎన్‌వీఎంఈ'తో మొదలయ్యే పేరుండొచ్చు. 'ఎల్ఎస్‌బీఎల్‌కే' చూడకుండా డిస్క్ మీద ఏ కమాండూ కొట్టొద్దు. 'డీడీ' ఏదీ అడగదు, చెప్పిన చోట రాసేస్తుంది, అందుకే ఆ ప్రయోగాలు వర్చువల్ మెషిన్‌లోనే, అదీ అదనంగా జోడించిన రెండో డిస్క్ మీదే.

ఇవేవీ తేల్చకపోతే స్నాప్‌షాట్‌కి వెళ్లి మొదటినుంచి చేయండి. రెండోసారి కూడా అదే తప్పొస్తే పుస్తకం వెర్షన్ అనుమానించాల్సిన సమయం అది.

10. పాత పుస్తకంలో కనబడితే ఇలా మార్చుకోండి

- 'ఇఫ్‌కాన్ఫిగ్', 'నెట్‌స్టాట్': డెబియన్ 9 నుంచి ఇవి ముందుగా ఇన్‌స్టాల్ అయి రావు. 'ఐపీ', 'ఎస్ఎస్' వాడండి.
- 'ఈటీహెచ్0': నెట్‌వర్క్ కార్డ్ పేరు ఇప్పుడు వేరే రకంగా ఉంటుంది, వర్చువల్‌బాక్స్‌లో సాధారణంగా 'ఈఎన్‌పీ0ఎస్3'. 'ఐపీ ఏ' కొట్టి చూసుకోండి.
- 'వార్ లాగ్'లో 'సిస్‌లాగ్' ఫైల్ చూడమంటే: డెబియన్ 12 నుంచి తాజా ఇన్‌స్టాల్‌లో అది ఉండదు. 'జర్నల్‌సీటీఎల్'.
- 'ఐపీటేబుల్స్' (ఫైర్‌వాల్): డెబియన్ 10 నుంచి డీఫాల్ట్ ఎన్ఎఫ్‌టేబుల్స్. సూత్రం పాత పుస్తకంలో చదవండి, రాసే పద్ధతి కొత్తదాంట్లో.
- 'ఏపీటీ-కీ' (ప్యాకేజీల సంతకం కీలు చేర్చే కమాండ్): డెబియన్ 13లో తీసేశారు. ఇది వాడమన్న ఏ సూచనా పాటించొద్దు.
- 'పైథాన్' అని కొడితే దొరక్కపోతే 'పైథాన్3'.
- 'టెంప్' ఫోల్డర్‌లో సాధన ఫైళ్లు పెట్టమంటే వద్దు. డెబియన్ 13లో అది ర్యామ్‌లో ఉంటుంది, రీబూట్ చేస్తే అన్నీ పోతాయి.

11. పుస్తకం మూసి చేయాల్సిన పనులు

పైన ఇచ్చిన అధ్యాయాల వరుసలో ఆరు, ఏడు అంశాలు దాటాక వీటికి దిగండి. పుస్తకం తెరవకూడదు, మ్యాన్ పేజీలు చూసుకోవచ్చు.

- ఇద్దరు యూజర్లని చేసి, ఇద్దరూ రాయగలిగే, మూడోవాళ్లు చూడలేని ఫోల్డర్ చేయండి. ఒకరు చేసిన ఫైల్‌ని రెండోవాళ్లు మార్చగలగాలి. ఇక్కడ సెట్‌జీఐడీ, యూమాస్క్ రెండూ అర్థమైతేనే పని అవుతుంది.
- ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ఇన్‌స్టాల్ చేసి విండోస్ నుంచి లాగిన్ అవ్వండి, తర్వాత ఆ సర్వీస్ ఆపేసి లాగ్‌లో ఏ లైన్ పడిందో వెతకండి.
- రెండో వర్చువల్ డిస్క్ జోడించి, విభజించి, ఫార్మాట్ చేసి, ప్రతి బూట్‌కీ దానంతటదే మౌంట్ అయ్యేలా పెట్టండి.

మూడోది అయ్యాక స్నాప్‌షాట్ తీసి, ఆ మౌంట్ లైన్‌ని కావాలనే చెడగొట్టండి. 'ఈటీసీ'లోని 'ఎఫ్ఎస్‌ట్యాబ్' ఫైల్ తెరిచి యూయూఐడీలో (డిస్క్‌ని గుర్తించే పొడవైన నంబర్‌లో) ఒక అక్షరం మార్చి రీబూట్ చేయండి. నిమిషంన్నర సేపు ఆ డిస్క్ కోసం ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయి రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అది ఇచ్చి లోపలికి వెళ్లి, 'జర్నల్‌సీటీఎల్ -ఎక్స్‌బీ'లో ఏ డిస్క్ దొరకలేదంటోందో చదివి, 'నానో'తో ఫైల్ సరిచేసి మళ్లీ బూట్ చేయండి. సేవ్ కాకుండా రీడ్ ఓన్లీ అంటే 'మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ' తర్వాత ఖాళీ వదిలి స్లాష్ కొట్టాలి.

అది బాగయ్యాక అదే లైన్ ఆప్షన్లలో 'నోఫెయిల్' చేర్చి, యూయూఐడీ మళ్లీ చెడగొట్టి, ఇంకోసారి రీబూట్ చేయండి. ఈసారి మామూలుగా లాగిన్ దాకా వస్తుంది, డిస్క్ మాత్రం మౌంట్ అయి ఉండదు. రెండుసార్లూ లాగ్‌లో వచ్చిన లైన్లు నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకుని, తర్వాత మీ పుస్తకంలో డిస్కుల అధ్యాయం మళ్లీ తెరవండి.